ఒకే వంతెన మీద రెండు ఇంజన్లు

మొన్న చిట్యాల దవాఖానలో నా వంతు కోసం కూర్చుంటే, ఎదురుగా గోడకు అద్దం కట్టిన పాతకాలం రైలు పోస్టరు కనిపించింది. తెల్లదొరల కాలంలో ఏటి మీద కట్టిన ఇనుప వంతెన, దాని మీద పొగ వదులుతూ ఇంజను. నా పేరు పిలిచినా నాకు వినపడలేదు, పక్కనున్నామె తట్టి చెప్పింది.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక సారు అలాంటి పోస్టరే మా ఇంటికి తెచ్చి, గోడకు వేలాడదీసే గుడ్డగా నేసిస్తే తనలాంటి వాళ్లు ఇంకా కొందరు నేయించుకుంటారని చెప్పాడు. అప్పటికే మరిది తన మగ్గం అమ్మేసి కట్టంగూర్ దగ్గర కంపెనీలో కాపలాకు చేరి, మా ఇంటాయన్నూ రమ్మంటున్నాడు. ఈ గుడ్డ కుదిరితే మా మగ్గం ఉంటుంది, లేకుంటే లేదు.

మా ఇంటాయన నాలుగు రోజులు ఆ పోస్టరునే చూస్తూ, ఒక్కో కమ్మీ వేలితో తడుముతూ, "గీ దొరలు సుత నేసినట్టే కట్టిన్రు సూడు, పడుగూ పేకా" అని మురిసిపోయాడు.

మా పనిలో ముందు నూలుకు రంగు, తర్వాత నేత. నేను ఆసు పోసి, అంటే చట్రం మీద వరసగా చుట్టి ఇచ్చిన నూలును ఆయన నడుమకు మడిచి, సగం బొమ్మకే ముడులు కట్టి రంగులో ముంచేవాడు. విప్పితే రెండో సగం అద్దంలో లాగా తిరగబడి దానంతట అదే పడుతుంది. మా చీరల మీద చిలకలు ఎదురెదురుగా ఉండేది అందుకే. వంతెనకూ చేయి అలవాటుగా అట్లాగే మడిచింది. ఎడమ కొసన ఇంజనుకు ముడులు కడుతుంటే నాకు అర్థమైంది. కానీ ముప్పై ఏళ్లలో ఆయన కట్టే పనిలో నేనెన్నడూ నోరు పెట్టలేదు, ఆయనకు తెలియదా అనుకుని ఊరుకున్నాను.

మగ్గం మీద వంతెన ముచ్చటగా లేచింది, నేత పట్టాల పైకి వచ్చేసరికి రెండు కొసల నుంచీ రెండు ఇంజన్లు ఒకదాని మీదికి ఒకటి వస్తున్నాయి. "అన్నా, గుద్దుకుంటయే, జర ఒకదాన్ని ఆపరాదు" అని మరిది నవ్వాడు. ఆయన నవ్వలేదు, నా దిక్కు తిరిగాడు.

"నీకు ఎర్కేనా?"

"ఎర్కే."

"మరి చెప్పకపోతివి."

సారు మంచివాడు, ఇదీ బాగానే ఉంది ఇమ్మన్నాడు. "ఉన్నయి ఒక్క జత పట్టాలే సారు. గిసొంటిది గోడకేస్తే ఆ వంతెన కట్టినోళ్లకు నామోషి" అని ఈయన పోస్టరు ఆయన చేతిలో పెట్టి పంపాడు. ఆ వారమే మగ్గం విప్పి, కాళ్లు పెట్టుకునే గుంట పూడ్చి, కాపలాకు పోయాడు. నన్ను మళ్లీ ఒక్క మాట అనలేదు, అన్నా బాగుండేది. ఆయన కాలం చేసి మూడేళ్లవుతోంది.

ఇప్పుడు మా కొడుకు ఏం చేసినా కోడలు అట్ల కాదు ఇట్ల అని మొహం మీదనే చెప్తుంది. మా ఈడు వాళ్లకు అది గిట్టదు, ఆమెను కసరమంటారు. నేను కసరను. ఆమె గొంతు వినపడినప్పుడల్లా, చేతిలో పని ఆపి, చివరిదాకా చెప్పనిస్తాను.