రోజుకి పదహారు మాత్రలు

మాత్రల మాస్టారికి ఉన్న రోగం ఒక్కటే. ఎదుటివాడు నోరు తెరిస్తే చాలు, ఆ మాటల్లో మాత్రలు లెక్కపెట్టేవారు. ఆయనది మందుల షాపు కాబట్టి అక్కడ రెండు రకాల మాత్రలూ ఉండేవి. మొదటి రకం అట్టల్లో ఉంటాయి, నీళ్ళతో మింగాలి. రెండో రకం మన నోట్లోనే ఉంటాయి. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, సున్నా ఉన్నదానికి రెండు, ఒత్తక్షరానికి ముందున్నదానికి రెండు. బళ్ళో చెప్పే ఛందస్సు లెక్క ఇది. బడి వదలగానే మనమంతా హాయిగా మరిచిపోయాం. ఆయన మరిచిపోలేదు. ఏ బళ్ళోనూ ఒక్క పాఠం చెప్పకపోయినా వీధంతా ఆయన్ని మాస్టారు అనడానికి కారణం అదే.

"తలనొప్పికి మాత్ర ఇవ్వండి," అని ఎవరైనా వచ్చి నిలబడితే ఆయన చెయ్యి అలమార వైపు పోయేది కాదు. బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద చకచకా నడిచేది.

"పధ్నాలుగు," అనేవారు. "చివర సార్ అని తగిలించు. పదహారవుతుంది."

"మర్యాద తక్కువైందాండీ?"

"మర్యాద ఎవడిక్కావాలయ్యా. మాత్రలు తక్కువయ్యాయి."

పాపం ఆ తలనొప్పి మనిషి "తలనొప్పికి మాత్ర ఇవ్వండి సార్" అని అప్పజెప్పాకే మందు చేతికొచ్చేది. బీపీ మాత్రలకి వచ్చే పెద్దావిడ అయితే, "ఒక మాత్ర తక్కువైంది" అని ఆయన గొణగడం విని, చేతిలో అట్టని ముందు నించి ఒకసారి, వెనక నించి ఒకసారి లెక్కపెట్టుకునేది.

"పదీ ఉన్నాయి కదండీ?"

"అట్టలో కాదమ్మా, నీ మాటలో."

షాపు గది యజమాని ఒకసారి ఈ గోల భరించలేక మీదికొచ్చాడు. "నీకు బుద్ధి లేదు, నీకు సిగ్గు లేదు," అని వీధి అదిరేలా కేకేశాడు. మాస్టారి ముఖం వెలిగిపోయింది. "తొమ్మిదీ, తొమ్మిదీ. తక్కెడలో తూచినట్టు ఉంది. ఇంకొక్కసారి అనండి, రాసుకుంటాను," అన్నారు. ఆ పెద్దమనిషికి తిట్టు గొంతులోనే ఇరుక్కుపోయింది. వెళ్ళేటప్పుడు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడని చూసినవాళ్ళు చెబుతారు.

ఇలాంటి మనిషి చేతిలో పడ్డాడు మన ఫ్రిజ్ మెకానిక్.

ఆ వీధిలో మందు షాపులు రెండు, ఎదురెదురుగా. ఒకటి మాస్టారిది. రెండోదానికి ఎర్ర బోర్డు. మెకానిక్కి పదేళ్ళుగా బాగా తెలిసింది రెండోదే. చేతిలో పనితనం ఉన్నవాడు. ఏ ఫ్రిజ్ ఎందుకు మూలుగుతోందో తలుపు తియ్యకుండానే చెప్పేవాడు. సాయంత్రం ఏడింటికి మాత్రం కాళ్ళు అతని మాట వినేవి కావు. మానేస్తానని భార్యకి ఎన్నిసార్లు చెప్పాడంటే, ఆవిడ వినడం ఎప్పుడో మానేసింది.

ఒకరోజు బడి వదిలే వేళకి కూతురి కోసం బండి మీద వెళ్ళాడు. ఎనిమిదో తరగతి పిల్ల. బ్యాగు భుజాన వేసుకుని బండి దాకా వచ్చి ఆగిపోయింది.

"నేను నడిచి వస్తాలే నాన్నా."

"ఇవాళ తాగలేదమ్మా."

"నాకెలా తెలుస్తుంది?" అంది పిల్ల. కోపంగా కాదు, తెలియక అడిగినట్టే అంది.

ఇంటిదాకా ఆ పిల్ల నడిచింది. పక్కనే మెకానిక్ మొదటి గేరులో, నడకకి తగ్గట్టు, బండి నడిపాడు. దారిన పోయేవాళ్ళు చూసి నవ్వారు. అతనికి తల కొట్టేసినట్టయింది. పదేళ్ళలో ఎవరి తిట్లూ చెయ్యని పని ఆ రెండు మాటలూ చేశాయి. ఆ సాయంత్రం ఎర్ర బోర్డుకి వీపు పెట్టి, మాస్టారి షాపు మెట్లెక్కాడు.

"మందు మానడానికి ఏదైనా మందుందా మాస్టారూ? రేపట్నించి మానేస్తా."

బొటనవేలు కదిలింది. "రేపట్నించి అన్నా ఏడు మాత్రలే. ఇవాళ్టినుంచి అన్నా ఏడు మాత్రలే. మరి రేపటిదాకా దేనికయ్యా?"

మెకానిక్ వెనక్కి తిరిగి ఎర్ర బోర్డు వైపు చూశాడు.

"ముందు మేడ మీదికెళ్ళు. డాక్టరు గారున్నారు. ఇన్నేళ్ళు తాగినవాడు ఉన్నపళాన మానేస్తే ఒళ్ళు తిరగబడుతుంది. అది ఆయన చూడాల్సిన పని, నాది కాదు. చీటీ పట్టుకుని నా దగ్గరికి రా."

డాక్టరు చూశారు, చివాట్లు పెట్టారు, చీటీ రాశారు. మాస్టారు మందులు కవర్లో వేసి, పైన తన గుండ్రటి అక్షరాలతో రాశారు. ఉదయం ఒకటి. రాత్రి ఒకటి. దాని కింద, సాయంత్రం ఏడింటికి పదహారు.

మర్నాడు పొద్దున్నే మెకానిక్ భార్య ఆ కవరు పట్టుకుని షాపుకి పరిగెత్తుకొచ్చింది.

"మా ఆయన చేత మాన్పిస్తారా, మా ఆయన్నే లేకుండా చేస్తారా? ఒక్క పూటకి పదహారు మాత్రలేంటండీ?"

"అవి మింగేవి కాదమ్మా," అన్నారు మాస్టారు. "పాడేవి."

ఆవిడ మేడ మీదికెళ్ళి డాక్టరుతో చెప్పింది. డాక్టరు దిగివచ్చి మాస్టారికి చివాట్లు పెట్టారు. ఆ రోజు నించి డాక్టరు మందులు కవరు మీద, మాస్టారి మందు విడిగా డైరీలో రాసుకోవాలని తీర్పయింది. ఏదో కంపెనీ ఊరికే ఇచ్చిన డైరీ అది. పేజీకో దగ్గు మందు బొమ్మ ఉండేది.

వైద్యం సులువైనదే. రోజూ ఏడింటికి, కాళ్ళు అటు లాగే సమయానికి, మెకానిక్ వచ్చి కౌంటరు వెనక స్టూలు మీద కూర్చోవాలి. సొంత పాట ఒకటి కట్టాలి. రోజుకి ఒకే లైను, పదహారు మాత్రలు. రాశాక పాడాలి.

"నాకు పాటలు రావు మాస్టారూ," అన్నాడు మెకానిక్.

"పదహారు," అన్నారు మాస్టారు. "వచ్చేసిందిగా."

ఆ మాట అన్నందుకు అతను చాలా రోజులు బాధపడ్డాడు.

శ్రుతికి హార్మోనియం అక్కర్లేదు. ఇంజెక్షన్లు పెట్టే పాత ఫ్రిజ్ ఒకటి మూలన సన్నగా మోగుతూ ఉండేది. "కంప్రెసర్ కింద రబ్బర్లు అరిగాయి, మారుస్తాను మాస్టారూ," అంటే ఆయన ఒప్పుకోలేదు. "దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను. అది నా శ్రుతి," అన్నారు. ఫ్రిజ్ ఆగితే పాటా ఆగేది. మళ్ళీ మొదలైతే అందుకునేవాళ్ళు. తాళానికి దగ్గు మందు సీసా, కౌంటరు అద్దం ఉండనే ఉన్నాయి. ఇక మాస్టారి గొంతు సంగతంటారా, ఫ్రిజ్ చాలా నయం.

మొదటి లైను కోసం మెకానిక్ గంటసేపు చెమటలు కక్కాడు. చివరికి ఉన్న నిజమే రాశాడు.

"ఏడైతే నా కాళ్ళకు దురదే."

మాస్టారు కణుపులు లెక్కపెట్టారు. పెదవి విరిచారు. "ఒక మాత్ర తక్కువైంది. ఇంటికెళ్ళి ఆలోచించు. రేపు సరిచేసి తీసుకురా." డైరీలో ఆ లైను కింద ఎర్ర పెన్నుతో 'ఒకటి తక్కువ' అని రాశారు.

ఆ ఒక్క మాత్ర మెకానిక్ ప్రాణం తీసింది. దారి పొడుగునా దాన్నే వెతికాడు. ఎర్ర బోర్డు ఎప్పుడు దాటాడో తెలియలేదు. అన్నం ముందు కూర్చుని వేళ్ళు లెక్కపెడుతుంటే భార్య బెంగపడింది. మర్నాడు ఒకరింట్లో ఫ్రిజ్ వెనక దూరి, గ్యాస్ పట్టిస్తూ కూడా అదే ఆలోచన. ఒకసారి పధ్నాలుగొచ్చేది, ఒకసారి పద్దెనిమిదొచ్చేది. లెక్కలో అతను మొదటి నించీ మొద్దే.

సాయంత్రం సరిచేసింది చూపిస్తే మాస్టారు తల అడ్డంగా ఊపారు. "నిన్నటిదే నయం. అదే ఉంచు."

"నిన్న ఒకటి తక్కువన్నారుగా?"

"రాత్రికి సర్దుకున్నట్టుంది. కొత్తది రాయి."

కొత్తది రాశాడు. "ఎదురుగ ఉన్నది ఎర్రని బోర్డే." అదీ ఒకటి తక్కువే. మూడో రోజుదీ అంతే. రోజూ ఒకటి తక్కువవడం, రోజూ రాత్రికి రాత్రి సర్దుకోవడం. ఇంట్లో భార్య కూడా అలవాటుపడిపోయింది. "ఇవాళ మాత్రలు వేసుకున్నారా?" అని ఆవిడ అడిగితే అతను లేచి నిలబడి పాడి వినిపించేవాడు. పక్క గదిలో కూతురు పుస్తకం ముందేసుకుని వినేది. బండి మాత్రం ఎక్కేది కాదు.

పన్నెండో రోజుకి పాటకి పల్లవి కుదిరింది.

"ఇవాళ ఒక్కటి గడిచిందంటే
రేపటి మాటను రేపే చూద్దాం."

ఇది వీధికి పట్టుకుంది. బీపీ పెద్దావిడ అట్టతో కౌంటరు మీద తాళం వేసి మరీ పాడేది. తలనొప్పికి వచ్చినవాళ్ళు కొందరు పాట విని మందు కొనుక్కోకుండా వెళ్ళిపోయారు. తగ్గి వెళ్ళారో, పెరిగి వెళ్ళారో మాస్టారు అడగలేదు.

ఇరవై మూడో రోజున ఎర్ర బోర్డు వాళ్ళ ఫ్రిజ్ చెడిపోయింది. పని పనే కదా అని మెకానిక్ వెళ్ళాడు. బాగుచేశాడు. వాళ్ళు ప్రేమగా ఒక చల్లటి సీసా చేతిలో పెట్టారు. తను బాగుచేసిన ఫ్రిజ్ ఎంత చల్లబరిచిందో చూద్దామనుకున్నాడు. చూశాడు.

మర్నాడు ఏడింటికి మాస్టారి షాపు మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. పైకి రాలేదు.

"నిన్న రాలేదేం?"

"తాగాను మాస్టారూ."

"పదకొండు," అన్నారు మాస్టారు మామూలుగా. "ఐదు తక్కువ. డాక్టరు గారికి కూడా ఈ మాట చెప్పి రా. తర్వాత వచ్చి పూర్తిచెయ్యి."

మెకానిక్ మేడ ఎక్కాడు, దిగాడు, స్టూలు మీద కూర్చున్నాడు. చాలాసేపు డైరీలో దగ్గు మందు బొమ్మని చూశాడు. తర్వాత రాశాడు.

"నిన్నటి చరణం తప్పటడుగులే."

చరణమంటే పాటలో ముక్కా అవుతుంది, కాలూ అవుతుంది. ఆ సంగతి అతనికి రాశాకే తట్టింది. మాస్టారు లెక్కపెట్టారు. రెండోసారి కూడా లెక్కపెట్టారు.

"పదహారు. అక్షరాలా సరిపోయింది," అన్నారు. ఎర్ర పెన్నుతో పక్కన పెద్ద టిక్కు పెట్టారు. ఆ టిక్కు చూసి మెకానిక్కి ఏడుపొచ్చినంత పనైంది. పడి లేచినవాడికి అంత మంచి మార్కు ఎవరు వేస్తారు?

ఆ తర్వాత అతను తప్పలేదు. మాస్టారూ మారలేదు. మళ్ళీ రోజూ ఒకటి తక్కువే.

మూడు నెలలు గడిచాయి. ఒక సెలవురోజు సాయంత్రం మెకానిక్ స్నానం చేసి వచ్చేసరికి, కూతురు డైరీ ముందేసుకుని పెన్సిలుతో అక్షరాల మీద గీతలు పెడుతోంది. బళ్ళో లఘువులు, గురువులు చెబుతున్నారట.

"నాన్నా, ఇక్కడ ఒకటి తక్కువ అని ఎందుకు రాశారు? ఇది పదహారే."

"మాస్టారు లెక్క తప్పరమ్మా. మళ్ళీ చూడు."

"చూశాను. ఇదీ పదహారే. ఇదీ అంతే. అన్నీ పదహారే నాన్నా. ఒక్కటీ తక్కువ లేదు."

మెకానిక్ వంగి డైరీ పేజీలు తిప్పాడు. ఎనభై చిల్లర లైన్లు. ఎనభై చిల్లర రోజులు లేని మాత్ర కోసం వీధులన్నీ వెతికాడు.

"ఒక్క లైను మాత్రం తప్పుంది," అంది పిల్ల.

"ఏది?"

పిల్ల వేలు పెట్టి చూపించింది. "పక్కన నడిచే నా బంగారం, బండీ ఎక్కదు నా బంగారం."

"ఎన్ని తక్కువ?"

"మాత్రలు సరిపోయాయి. మాటే తప్పు. ఎక్కదు తీసేసి ఎక్కిన అని పెట్టు. మాత్రలు కూడా మారవు," అని పిల్ల చెప్పులేసుకుని, బయటికెళ్ళి, బండి మీద వెనక సీట్లో కూర్చుంది. మెకానిక్కి తాళంచెవి పెట్టడానికి రెండు మూడుసార్లు పట్టింది.

ఇద్దరూ మాస్టారి షాపుకి వచ్చారు. పిల్ల డైరీని కౌంటరు మీద తెరిచి పెట్టింది.

"తాతగారూ, మీ లెక్క తప్పు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బండిని చూశారు, పిల్లని చూశారు. "నీ లెక్కే సరైంది తల్లీ," అన్నారు. "నలభై ఏళ్ళలో ఎవరికీ తప్పు లెక్క చెప్పలేదు. నన్ను తిట్టినవాడికి కూడా సరిగ్గానే చెప్పాను. మీ నాన్న దగ్గరే అబద్ధమాడాల్సి వచ్చింది."

"ఎందుకు మాస్టారూ?" అన్నాడు మెకానిక్.

"పూర్తయిందంటే లేచి వెళ్ళిపోతావు. ఒకటి తక్కువైతే రేపు వస్తావు."

"మరి ఆ టిక్కు?"

"ఆ రోజు కూడా తక్కువంటే, నువ్వే తక్కువైపోయేవాడివి."

ఫ్రిజ్ మోగుతోంది. ఏదో ఒకటి చెప్పాలి. ఏం చెప్పినా చాలదని మెకానిక్కి తెలుసు. మనసులో ఉన్నదే అన్నాడు.

"మీ మేలు మరిచిపోను మాస్టారూ."

రెండు బొటనవేళ్ళు ఒకేసారి కదిలాయి. పిల్లే ముందు ముగించింది. "పదిహేడు."

"అవును. ఒక మాత్ర ఎక్కువైంది," అన్నారు మాస్టారు. ఆయన గొంతు ఫ్రిజ్ కంటే కాస్త ఎక్కువే వణికింది. "ఉండనీ. ఎక్కువైనా తూలకుండా మాట్లాడటం నీ నోట ఇవాళే విన్నాను. రేపు ఏడింటికి రా. కొత్త చరణం మొదలుపెట్టాలి."

ఇంటికి వెళ్ళేటప్పుడు మెకానిక్ పల్లవి పాడుకుంటూ బండి నడిపాడు. వెనక నించి కూతురి వేళ్ళు అతని వీపు మీద ఒక్కో మాత్రా లెక్కపెడుతున్నాయి. మలుపులో స్పీడ్ బ్రేకర్ వచ్చింది. బండి ఎగిరిపడింది.

"నాన్నా," అంది పిల్ల, "ఒక మాత్ర మింగేశావు."