పెద్దమనిషి కణాలు

2023లో నేను విజయనగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ని. కిడ్నీ మార్పిడి అయినవాళ్ల మందులు, రక్తపరీక్షలు కనిపెట్టుకుని ఉండటం నా పని.

బొబ్బిలి దగ్గర వీణలు చేసే సింహాచలానికి వాళ్ల అప్ప పైడమ్మ కిడ్నీ ఇచ్చింది. అప్పంటే మా వైపు అక్క. కొన్ని నెలలు అంతా బాగుంది. తర్వాత ఒకసారి క్రియాటినిన్ పెరిగింది. అది పెరిగిందంటే కిడ్నీ అలిసిపోతున్నట్టు. బయాప్సీలో రిజెక్షన్ మొదలైందని తేలింది, అంటే ఒళ్లు ఆ కిడ్నీని పరాయిదనుకుని దాడి చేస్తోంది.

డాక్టరుగారి గదిలో, మాత్రలు మానేశావా అని అడిగితే ఒప్పుకున్నాడు. ఆ దాడిని ఆపే టాక్రోలిమస్ మాత్ర వేసుకుంటే చేతులు వణుకుతున్నాయట. మైనం మీద వీణ మెట్లు నిలబెట్టే పని అతనిది. వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. పైగా, ఏవో కణాలు ఎక్కిస్తే మాత్రలే అక్కర్లేదని ఫోన్‌లో వీడియో చూశాడు.

"అవే ఎక్కించీండి మేడమ్. సెయ్యి వొణికితే నానింకేటి సేత్తాను?" అన్నాడు.

వీడియోలో అబద్ధం లేదు, తొందర ఉంది. మన రక్తంలో పరాయివాటి మీద పడే టి కణాలుంటాయి. వాటిని అదుపులో పెట్టే రెగ్యులేటరీ టి కణాలూ ఉంటాయి. ఈ రెండో రకాన్ని రోగి రక్తంలోంచే తీసి, ల్యాబ్‌లో పెంచి, తిరిగి ఎక్కించి చూస్తున్నారు. కొందరికి మందులు తగ్గించగలిగారు కూడా. కానీ అదింకా ప్రయోగాల్లోనే ఉందని, మన దాకా రాలేదని చెప్పాను.

సింహాచలం దాన్ని తన మాటల్లో పెట్టాడు. "అంటే, కొత్తకోడలి మీద ఇంటోళ్లు గొడవకెల్తే, 'ఆ పిల్ల మన మనిసేరా' అని సద్దిసెప్పే పెద్దమనిసన్నమాట."

అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

పక్కనే కూర్చున్న పైడమ్మ అందుకుంది. "ఆ పెద్దమనిసి వొచ్చినప్పుడు వొత్తాడు. అందాకా గోళీలు మింగు. అది నా కిడ్నీరా, నీ సొంతమనుకుంతన్నావేటి?"

డాక్టరుగారితో సహా అందరం నవ్వేశాం, సింహాచలం కూడా.

స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో రిజెక్షన్ లొంగింది. డాక్టరుగారు నెమ్మదిగా కరిగే రకం మాత్రకు మార్చారు. వణుకు పూర్తిగా పోలేదుగానీ, పని సాగేటంత తగ్గింది. ఇప్పటికీ చెకప్‌కి వస్తే ముందు, పెద్దమనిషి విజయనగరం వచ్చాడా అని అడుగుతాడు. దారిలో ఉన్నాడంటాను.

మాత్ర మానేసినవాళ్లను ఇప్పుడు నేను ఎందుకు మానేశావని గద్దించను. అది వేసుకుంటే నీకు ఏ పని ఆగిపోతోందని అడుగుతాను. ఆ ప్రశ్నకైతే మనుషులు నిజం చెబుతారు.