పంతులుగారు చదివిన రష్యా కథ

తుఫాను వచ్చిన నెలకు తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కాను. ఎదుటి సీట్లో ఒక పెద్దాయన, తెలుగులో అచ్చయిన రష్యా పిల్లల కథల పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. రేపల్లె అవతల ఊళ్లో పంతులునని చెప్పాడు.

"ఇది రాసినాయన కొడుకు యుద్ధంలో పోయాడంటండి. ఆ తర్వాత కూడా పిల్లల కథలే రాశాడంట," అన్నాడు.

నేను తలూపాను.

"మా పిల్లలిద్దర్నీ ఉప్పెన పట్టుకుపోయింది. రేపు బడి తెరుస్తున్నాం. బడిలో మిగిలిన పిల్లలకి ఈ కథ చెప్పాలి. గొంతు వస్తుందో రాదో, ఒకసారి మీకు చదవనా బాబూ?"

చదవమన్నాను. రెండుచోట్ల ఆగి, మళ్లీ అందుకున్నాడు. ఎలుగుబంటి తేనె పీపాలో ఇరుక్కున్నచోట తలెత్తి నా ముఖం చూశాడు.

"ఇక్కడ పిల్లలు నవ్వాలండి."

నాకు నవ్వు రాలేదు. నేను నవ్వేదాకా ఆయన ఆ వాక్యమే మళ్లీ మళ్లీ చదివాడు.