ఇప్ప చెట్టు కింద చీపురు

మా తల్లిగారిది లింగాల ఘనపూర్ దిక్కు. పత్తి చేన్లు, వరి మళ్లు తప్ప నాకు అడివి ఎరుక లేదు. భూపాలపల్లి అవతల అడివి అంచు ఊరికి కోడలుగ వచ్చినంక కనపడ్డదల్ల అడుగుడే నా పని. "నీకు బువ్వ లేకున్నా నడుస్తది గని అడుగకుంట నడువదు పిల్లా" అనేది మా అత్త. అయినా చెప్పేది.

అడివిల మా ఇంటిదని ఊరంత ఒప్పుకున్న ఇప్ప చెట్టు ఒకటున్నది. కాగితం లేదు, కంచె లేదు. దాని పువ్వు మేమే ఏరుకోవాలె. కాముని పున్నం, అదే హోలీ, దగ్గరవడంగనే ఆ చెట్టు కింది ఎండుటాకులకు మా అత్త అగ్గి పెట్టేది. నేల నల్లగ సాపుగైతే తెల్లారి రాలిన పువ్వు దూరంకెళ్లి కానొస్తది. ఊర్లె అందరిదీ అదే పద్ధతి.

ఆమెకు ఒకటే రంది. చెట్టు ముసలిదైంది, మొదట్ల తొర్ర పడ్డది, ఒక కొమ్మ ఎండింది. "వానకాలం గింజలు మొలుస్తయి గని ఒక్కటి నిలువదు. పక్కింటి మేకలు ఉంచుతయా? ఈ చెట్టు పోతే మనింటికి మల్ల ఇప్ప లేదు" అనేది.

పోయినేడు సర్కారు మా ఊరి అడివి సమితికి పైసలిచ్చింది. బోడి జాగల మొక్కలు పెట్టాలె, ఎండకాలం మంటలు రాకుంట చూడాలె, కూలి ఊరోళ్లకే. మా అత్త కూటానికి పోయి, "సారూ, ఇప్ప మొక్కలు తెండ్రి" అన్నది.

"ఈసారి వచ్చినయి టేకు, ఉసిరి, నేరేడు అవ్వా. ఇప్ప కోసం రాసి పంపుత" అన్నడు అడివి శాఖ బీటు సారు.

"నువ్వు రాసేదాంక చెట్టు ఆగాలె గద" అన్నది మా అత్త.

శివరాత్రికి ముందుగల్ల ఫైర్ లైను పని పడ్డది. అడివి నడుమ బండి బాటంత వెడల్పున ఆకంత ఊడ్వాలె. ఉత్త మట్టి మంటను ఎట్ల ఆపుతదని నేను అడిగితే సారు ఊడ్సిన నేల మీద అగ్గిపుల్ల గీసి పడేసిండు. పుల్ల కాలింది, ఇంత పొగ లేసింది, ఆరింది. ఆ పుల్ల నా మనసుల నిలిచిపోయింది.

ఆ పని అయిపోయిన వారానికే మా అత్త అగ్గిపెట్టె పట్టుకొని ఇప్ప చెట్టు దిక్కు నడిచింది.

"అత్తా, మొన్న మంట రావద్దని కూలికి ఊడ్సి ఇయ్యాల ఫుకట్ల అంటువెడుతన్నవా?"

"గది సర్కారు పని. గిది మన పని."

"అదే చీపురుతోటి గీడ గూడ ఊడ్సి చూద్దాం. మనకు సాపు నేల గావాలె, అంతే గద?"

"ఎవల నడుముతోటి ఊడుస్తవ్? నా దాంతోటా?"

"నాదే."

ఆకుల కింద ఏమున్నదో చూడకుంట గట్టిగ ఊడ్సి ఆకంత పెంటకుప్పల పోసినం. పాత చీరెలు కలిపి కుట్టి చెట్టు కింద పరిచినం. "పసుపు చీర మీద పువ్వు కానొస్తలేదు, తీసెయ్" అని మా అత్త గులిగింది గని మసి అంటని పువ్వును రెండుసార్లు వాసన చూసింది.

వానకాలం ఎప్పటిలెక్కనే గింజలు మొలిసినయి. మేమెవ్వలం పట్టించుకోలే.

ఈ యేడు మల్ల ఊడ్వబోతే చీపురుకు ఏందో గట్టిగ తగిలింది. ఆకు పక్కకు జరిపి చూస్తే ఇప్ప మొక్క. జానెడు లేదు గని కాడ ముదిరింది. ఇంకింత జరిపితే ఇంకోటి. మా అత్తను పిలిచిన. ఆమె వచ్చి వాటి పక్కన కూసున్నది.

"ఎవలు పెట్టిండ్రే, సమితోళ్లా?"

"ఎవ్వలు పెట్టలే. పోయిన వానలకు మొలిసినయే గియి."

"మేకలు ఈడ తిరుగుతనే ఉన్నయి గద?"

"తిరుగుతనే ఉన్నయి. ఏటా గీ యాళ్లకు మనమే అగ్గి పెడుతుంటిమి గద."

మా అత్త చెట్టు మొదట్ల నల్లగైన బెరడు దిక్కు చూసింది. నా చేతిల చీపురు గుంజుకొని అవతల పెట్టింది.

"గంత మోటగ ఊడిస్తే ఇరుగుతయి. చేత్తోటి ఏరు" అన్నది. నడుము నొప్పి యాదికి లేనట్టు, మోకాళ్ల మీద వంగి తనే ఒక్కొక్క ఆకు తీయవట్టింది.