చెవుల బాబాయ్ చీటీలు

మా కుట్టు హాల్లో అరవై మిషన్లున్నాయి. వాటిని చూసే ముసలి మెకానిక్కుని అందరం చెవుల బాబాయ్ అంటాం. చెవులు పెద్దవని కాదు. చేతులు వెనక్కి కట్టుకుని వరసల మధ్య నడుస్తూ, మిషన్ పాడవకముందే దాని మోత విని పట్టేస్తాడు. అమ్మాయ్ కాస్త లే అంటాడు, నూనె చుక్క వేస్తాడు, ఓ మర బిగిస్తాడు, వెళ్ళిపోతాడు. మనం చెమట తుడుచుకునేలోపు అయిపోతుంది.

పెద్ద రిపేర్లు మిగతా ఇద్దరు మెకానిక్కులవి. వాళ్ళ సంగతి చెప్పొద్దు. సూపర్వైజరు మరదలి మిషన్ తుమ్మినా పరిగెత్తేవాళ్ళు. చివరి వరసలో ఉండే నేను ఒకసారి మిషన్ ఆగిపోయి పూటంతా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నా, పని తగ్గిందని తిట్లు మాత్రం నాకే. అందుకే కొత్త మేనేజరు వచ్చి, మిషన్ ఆగితే చీటీ రాయాలి, ముందు రాసినవాళ్ళకి ముందు రిపేరు అన్నప్పుడు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఆ చీటీ నా తరఫున అడిగింది. ఇప్పటికీ దాన్ని ఒక్క మాట అనను.

మూడో నెల బోర్డు మీద లెక్క అంటించారు. ఎవరెన్ని చీటీలు పూర్తిచేశారని. ఒకాయన తొంభై, ఇంకొకాయన ఎనభై నాలుగు, బాబాయ్ పదకొండు. ఆఖరున ఉన్నవాణ్ణి నెలాఖరుకి తీసేస్తారట. మిషన్ ఆగనివ్వని మనిషికి చీటీలెక్కణ్ణుంచి వస్తాయి? రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. ఇంట్లో పిన్నీ, చదువుకునే మనవరాలూ ఆయన మీదే ఆధారం. ఆయన బోర్డు చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ వరసల్లోకి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

భోజనాల దగ్గర, తలా ఒక దొంగ చీటీ రాద్దామన్నాను. మొదటి వరస అక్క నన్ను కసిరింది. అబద్ధమాడినా అతికినట్టుండాలి, ఏ మిషన్ ఎప్పుడాగిందో సూపర్వైజరు పుస్తకంలో ఉంటుంది కదే అంది. సరే, నిజమే రాశాం. యాభై రెండు చీటీలు. మిషన్ ఆగిన సమయం, సున్నా నిమిషాలు. కారణం, బాబాయ్ ముందే వచ్చాడు.

కట్ట పట్టుకుని నేనే వెళ్ళాను. మేనేజరు ఒక్కొక్కటే చదివాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పడానికి మీ చీటీలో గడి లేదు సార్."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రం గంటసేపు బాబాయ్ వెనకాలే తిరిగాడు. మర్నాడు బోర్డు మీద కాగితం పోయింది. కొత్త చీటీలో 'ముందుగా చేసిన పని' అని ఒక గడి వచ్చింది. బాబాయ్ ఉద్యోగం నిలబడింది. మా సంబరం అంతా ఇంతా కాదు.

కానీ ఆ గడి నింపాల్సింది మెకానిక్కే. నూనె చుక్కకొక చీటీ. వరస, మిషన్ నంబరు, టైము, సంతకం. ఆయన అసలే అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసే మనిషి. నడిచేది తగ్గింది, స్తంభానికి ఆనుకుని రాసేది పెరిగింది.

పది రోజులకి నా మిషన్ కటుక్కుమని బిగుసుకుపోయింది. బాబాయ్ వచ్చాడు. మిషన్ వంక చూడలేదు, నా వంక చూశాడు.

"ఇది రెండ్రోజుల ముందే మూలిగి ఉంటుందమ్మా. రాసుకుంటూ ఉన్నాను, వినపడలేదు."

కొండనాలుకకి మందేసింది నేనే కదా. చీటీల పుస్తకం ఆయన చేతిలోంచి లాక్కున్నాను.

"నువ్వు విను బాబాయ్. రాసేది మేం చూసుకుంటాం."

అప్పట్నుంచి ఎవరి మిషన్ చీటీ వాళ్ళమే రాస్తున్నాం, ఆయన సంతకం పెడుతున్నాడు. రోజూ సాయంత్రం ఆ చీటీలు మేనేజరు బల్ల మీదికి వెళ్తాయి, ఒక్క మెకానిక్కు పేరుతో, అరవై రకాల చేతిరాతలతో. ఇవెవరు రాశారని ఆయన ఇంతవరకూ అడగలేదు.