నాన్న వినని మువ్వలు

ఆరేళ్లుగా ఒక అంకె నా గొంతులో అడ్డంపడి ఉంది. దాన్ని మింగలేను, బయటికి అనలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ల ముందు నాకు మాట పెగలదు.

మాది గాజువాక. నాన్న ఆటోనగర్‌లో ఒక రోలింగ్ మిల్లులో ఫిట్టర్‌గా చేసేవాడు. బేరింగ్ మీద పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏం పాడైందో చెప్పేవాడు. చెవుల్లో పెట్టుకోమని మిల్లులో ఇచ్చిన బిరడాలు జేబులోనే ఉండేవి. చెవులు మూసుకుంటే మెషిన్ మాట ఎలా వినబడుతుందని ఆయన వాదన. ఇంటికొచ్చాక ఆ చెవులతోనే పాటలు వినేవాడు. పాత ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు ఆయనే విప్పి బాగుచేసుకున్నాడు.

పాటలు కంప్యూటర్‌లోకి చేరాక, దానికీ ఆంప్లిఫయర్‌కీ మధ్య ఒక చిన్న పెట్టె కావాల్సి వచ్చింది. కంప్యూటర్‌లో పాట అంకెలుగా ఉంటుంది. ఆ అంకెల్ని శబ్దంగా మార్చేది ఈ పెట్టె. డాక్ అంటారు. ఏది కొనాలో తేల్చే పని నాన్న నాకు అప్పజెప్పాడు. నెల రోజులు చదివాను. కాలేజీలో ఎవరితోనూ నాలుగు మాటలాడని దాన్ని, ఏ పెట్టెలో ఏ చిప్ ఉందో గడగడా చెప్పేదాన్ని. చివరికి రెండు మిగిలాయి. ఒకటి చవకది, ఇంకొకటి బాగా ఖరీదుది. దుకాణం ఆయన నాన్నకి తెలిసినవాడు. రెండూ తీసుకెళ్లి వారం విని, నచ్చింది ఉంచుకోమన్నాడు. ఖరీదు పెట్టెలో పాట వెనక మోగే మువ్వలు కూడా విడివిడిగా వినబడతాయట అని నాన్నకి చదివి వినిపించాను కూడా.

అదే వారం అమ్మ చెవి డాక్టర్ దగ్గర సోమవారానికి నాన్న పేరు రాయించింది. డాక్టర్ కాగితం తెస్తే చప్పుడు లేని స్టోర్‌లోకి మారుస్తానని మిల్లు ఓనర్ అప్పటికే అన్నాడు. నాన్నకి ఆ మాటే గిట్టదు.

ఆదివారం పొద్దున అమ్మ గుమ్మంలో నిలబడి, "మూడుసార్లు పిలిసినాను టిఫినికి. మీకు సెవుడొచ్చింది, ఒప్పుకోరేటండీ?" అంది.

"నీ ఉప్మాకి పిలిస్తే ఏ సెవికీ ఇనబడదే," నాన్న నవ్వాడు. "సూడు, నాను గోడేపు తిరిగి కూకుంటాను. మన గుంట ఎనకాల పెట్టెలు మారుత్తాది," అని నన్ను చూపించాడు. " ఏది మోగతందో పదిసార్లు సెప్తాను. తప్పు సెప్తే రేపు డాక్టర్ కాడికి వొత్తాను. సరిగ్గా సెప్తే నువ్వు మళ్లీ ఆ ఊసెత్తకూడదు. సరేనా?"

"రాసుకోవే, మీ నాన్న మాట," అని అమ్మ నాతో అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఒకే పాట చివరి ముక్క పెడుతూ వచ్చాను. వీణ, దాని వెనక దూరంగా వెళ్లిపోతున్న మువ్వలు. వైరు మార్చడం, ఆయన చెప్పింది డైరీ వెనక పేజీలో పెన్సిల్‌తో రాసుకోవడం. అప్పటిదాకా వీణ సాగుతుండగానే మార్చేదాన్ని. ఏడోసారి వీణ ఆగింది.

"ఆపేసినావేటే? మార్సు మరి," అన్నాడు నాన్న.

నేను ఆపలేదు. మువ్వలు మోగుతూనే ఉన్నాయి. గది నిండా మోగుతున్నాయి. ఆయన వీపు కదల్లేదు. అవి పూర్తిగా ఆగేదాకా నిలబడి, అప్పుడు వైరు మార్చాను.

పదిలో నాలుగు సరిపోయాయి. అంత మాత్రాన చెవులు పోయాయని కాదు. మంచి చెవులకి కూడా అలాంటి రెండు పెట్టెల తేడా తెలియకపోవచ్చని నేనే చదివాను. ఆ అంకెని ఎన్నిసార్లు అలా సర్దుకున్నానో. కానీ మువ్వలు?

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎన్ని సెప్పారే?"

"పదికి పది," అన్నాను.

"సూసినావా!" నాన్న కుర్చీలోంచి లేచాడు. "ఖరీదుదే ఉంచుదాం. మువ్వలు ఒక్కోటీ ఎంత బాగా ఇనబడతన్నాయో!"

సోమవారం ఎవరూ డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు.

ఎందుకు అన్నాను ఆ మాట? నాన్న చిన్నబోతాడని అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. మిగతాది ఇది: ఆ ఖరీదు పెట్టె నాకు కావాలి. నాన్నకి తేడా తెలియదని తెలిస్తే అమ్మ చవకదే ఉంచేది, లేదా రెండూ వెనక్కి పంపేది. నెల రోజులు దాని గురించే చదివి, మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు దాని ముందు కూర్చోవడం ఊహించుకున్నాను. మువ్వలు విని కూడా నాకు ముందు గుర్తొచ్చింది ఆ మధ్యాహ్నాలే. జాలి తర్వాత వచ్చింది. పని అయ్యాక వచ్చింది.

నాన్న మరో ఐదేళ్లు ఆ మిల్లులోనే చేశాడు. కిందటేడు ఒక బేరింగ్ అరుస్తుంటే, స్క్రూడ్రైవర్ పెట్టి విని కూడా బాగానే ఉందన్నాడట. అది పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అప్పుడు వెళ్లాం డాక్టర్ దగ్గరికి. పోయింది రాదనీ, ముందే ఆ చప్పుడుకి దూరంగా వచ్చి ఉంటే ఉన్నదైనా నిలిచేదనీ ఆయన అన్నాడు. అమ్మ గట్టిగా నాన్న చెవి దగ్గర చెప్పింది.

"అప్పుడు బాగానే ఇనబడీది కదే," అన్నాడు నాన్న. "గుంట రాసింది కదా."

నా వైపు చూసి నవ్వాడు. సాక్షిని చూసినట్టు.

ఇప్పుడు చెవికి మెషిన్ పెట్టుకుంటాడు. దాంతో పాట రేకు డబ్బా మోగినట్టుంటుందని, పాటలప్పుడు తీసేసి స్పీకర్ పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటాడు. ఆ డాక్ ఇంకా అక్కడే ఉంది. చిన్న పచ్చ దీపం వెలుగుతూ. నేను ఒంటరిగా దాని ముందు కూర్చోవడం మానేసి చాలాకాలమైంది.

నాన్నకి చెప్పాలా? చెబితే ఆయనకి మిగిలిన ఆ పదికి పది కూడా పోతుంది. చెప్పకపోవడానికి ఇదీ ఒక సాకేనా? తెలియదు.

ఆ ఆదివారం పెన్సిల్ గీతలు చెరిపేసి, పెన్నుతో పదికి పది అని రాశాను. నా డైరీలన్నిటిలో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే. ఆ పేజీ ఇప్పుడు తీసి ముందు పెట్టుకున్నాను. పది కొట్టేశాను. పక్కన నాలుగు వేశాను. దాని కింద, ఏడోసారి మువ్వలు మోగాయి, నాన్న వినలేదు, నేను విన్నాను అని రాశాను.