కళ్లు కదిలిస్తే వినిపించే చప్పుడు

అది 2022. పంజాగుట్టలో మెట్రో స్తంభాల వెనక సందులో, రెండో అంతస్తులో ఉన్న ఒక చెవి ఆసుపత్రిలో ఆడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఆడియాలజిస్టంటే ఏంటని కాకినాడలో మా బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. చెవికి మందులు రాసేదీ, ఆపరేషన్ చేసేదీ ఈఎన్‌టీ డాక్టరు. వినికిడి ఎంత ఉందో, ఎక్కడ తగ్గిందో కొలిచి చెప్పేదీ, వినికిడి యంత్రం అమర్చేదీ మేము. తల తిరుగుడు పరీక్షలు కూడా మావేనని చాలామందికి తెలియదు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియా శబ్దాన్ని పట్టుకుంటుంది. దాన్ని ఆనుకునే, వంపు తిరిగిన మూడు సన్నటి గొట్టాలుంటాయి. తల ఎటు తిరిగిందో మెదడుకు చెప్పేవి అవే. వినికిడి, నిలకడ రెండూ ఇరుగుపొరుగు ఇళ్లన్న మాట.

ఆ ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం రజిత వచ్చింది. నలభైకి దగ్గర పడిన మనిషి. సిద్దిపేట వైపు నుంచి వచ్చి అమీర్‌పేటలో స్థిరపడి, ఒక కోచింగ్ సెంటర్‌లో జావా చెబుతోంది. వెంట భర్త శ్రీనివాస్ ఉన్నాడు. ఖైరతాబాద్‌లో ఏదో ఆఫీసులో ఉద్యోగం. చేతిలో లావుపాటి ఫైలు, ముఖంలో అలసట.

ఆమె కుర్చీలో కూర్చోగానే నాకొకటి విచిత్రంగా అనిపించింది. నా వైపు చూడాలన్నా, భర్త వైపు చూడాలన్నా కళ్లు తిప్పడం లేదు, తల మొత్తం తిప్పుతోంది. మాట కూడా గుసగుసలా ఉంది. పెద్ద హాల్లో పాఠం చెప్పే మనిషి గొంతులా లేదు.

"ఏంటండీ ఇబ్బంది?" అన్నాను.

ఆమె భర్త వైపు చూసింది. అతనే అందుకున్నాడు. "ఏడాది సంది తిరుగుతున్నం మేడమ్. తల తిరుగుతదంటది. స్కానింగ్‌లు అయినయ్, చెవి టెస్ట్ అయింది. అన్నీ నార్మలే. టెన్షన్ అని గోలీలిచ్చిండ్రు. అవి వేసుకుంటే పొద్దంత పండుకునుడే. ఉద్యోగం ఇడిసిపెట్టు, నిమ్మళంగ ఉండు అంటున్న. ఇనది."

"మీరు చెప్పండి," అన్నాను ఆమెతో.

"చెప్తే నవ్వుతరు మేడమ్."

"నవ్వను."

తల తిప్పి తలుపు మూసి ఉందో లేదో చూసుకుంది. తర్వాత చాలా మెల్లగా అంది. "నా కండ్లు అటిటు తిప్పితే నాకు సప్పుడు వినవడ్తది. గరుకు కాగితంతోని చెక్కను రుద్దినట్టు. కుడి చెవుల."

శ్రీనివాస్ నేల వైపు చూశాడు. ఈ మాట అతను చాలా చోట్ల విన్నాడు, విన్న ప్రతిచోటా అవతలివాళ్ల ముఖాలు ఎలా మారాయో కూడా చూశాడు.

నేను మాత్రం కుర్చీలో ముందుకు జరిగాను. ఇలాంటి కేసు గురించి చదువుకునే రోజుల్లో పుస్తకంలో చదివాను. అప్పటిదాకా నా సర్వీసులో ఒక్కరిని కూడా చూడలేదు.

"ఇంకా ఏమేం వినిపిస్తాయి?"

అలా అడిగినవాళ్లు లేరు కాబోలు, ఆగకుండా చెప్పుకొచ్చింది. నడిస్తే మడమ చప్పుడు తలలో డప్పులా మోగుతుంది. అప్పడాలు నమిలితే పక్కవాళ్ల మాట వినబడదు. తన గొంతు తనకే, డ్రమ్ములో తల పెట్టి మాట్లాడినట్టు ఉంటుంది. గట్టిగా తుమ్మినా, కుక్కర్ విజిల్ వేసినా ఎదురుగా ఉన్న గోడ పక్కకు ఒరుగుతుంది. ఆరు నెలల కిందట క్లాసులో మైకు కీచుమంటే, బోర్డు ఒక్కసారిగా పైకి లేచినట్టయి వేదిక మీద పడిపోయింది. ఆ వీడియో స్టూడెంట్ల గ్రూపుల్లో తిరిగింది. మేడమ్ తాగి వచ్చిందని దాని కింద ఎవరో రాశారు. సెంటర్‌వాళ్లు ఆమెను క్లాసుల నుంచి తప్పించి, ఆఫీసు గదిలో కూర్చుని ప్రశ్నపత్రాలు తయారుచేసే పనిలో పెట్టారు.

"పదైదేండ్లు పాఠం చెప్పిన మేడమ్. ఒక్కనాడు గుటక నీళ్లు తప్ప ఏది తాగి క్లాస్‌లకు పోలే," అంది. ఆ మాట దగ్గర మాత్రం గొంతు కాస్త లేచింది. వెంటనే కుడి చెవి మూసుకుంది.

గదిలో ట్యూనింగ్ ఫోర్కు ఉంది. మీటితే ఒకే శ్రుతిలో కంపించే రెండు కొమ్ముల ఇనుప పరికరం. సాధారణంగా చెవి వెనకో, నుదుటి మీదో పెట్టి చూస్తాం. నేను దాన్ని మీటి ఆమె కాలి చీలమండ ఎముక మీద ఆనించాను.

రజిత ఉలిక్కిపడింది. "చెవుల మోగుతుంది మేడమ్!"

"ఏ చెవి?"

"కుడి చెవే."

శ్రీనివాస్ వింతగా చూశాడు. "కాలు మీద వెడితే చెవుల ఎట్ల ఇనవడ్తది?"

"మీరూ బూటు తీయండి."

అతని చీలమండ మీద పెట్టాను. గిలిగింతలు తప్ప ఏమీ లేదన్నాడు. రెండో కాలు కూడా ముందుకు చాపాడు. దాని మీదా ఏమీ వినబడలేదు.

తర్వాత ఆమెను శబ్దాలు చొరబడని గదిలో కూర్చోబెట్టాను. వినికిడిని రెండు దారుల్లో కొలుస్తాం. హెడ్‌ఫోన్ పెట్టి గాలి ద్వారా ఒకసారి, చెవి వెనక చిన్న వైబ్రేటర్ పెట్టి ఎముక ద్వారా ఇంకోసారి. మా లెక్కలో సున్నా అంటే నిశ్శబ్దం కాదు, ఆరోగ్యమైన చెవికి వినబడే అతి చిన్న శబ్దం. మామూలుగా సున్నా దగ్గర వింటే చాలు, అక్కడితో ఆపేస్తారు. ఎముక దారిలో నేను ఆపలేదు, అంతకన్నా చిన్న శబ్దాలకు దిగాను. అక్కడ కూడా కుడి చెవికి ఆమె, వినబడిందని చెప్పే బటన్ నొక్కుతూనే ఉంది. ఒంట్లోని కంపనాలను ఆ చెవి అవసరానికి మించి వింటోంది.

చివరిది కళ్ల పరీక్ష. లోపలి చెవి గొట్టాల్లోని ద్రవం కదిలితే కళ్లూ వాటితో కదులుతాయి. అందుకని లోపల చిన్న కెమెరాలున్న నల్ల అద్దాలు పెట్టి, కంటి కదలికలను తెర మీద చూస్తాం. శ్రీనివాస్‌ను తెర ముందు కూర్చోబెట్టాను. ఎడమ చెవిలోకి గట్టి శబ్దం పంపాను. తెర మీద రెండు పెద్ద కళ్లు కదలకుండా ఉన్నాయి. కుడి చెవిలోకి అదే శబ్దం పంపాను. రెండు కళ్లూ కలిసి, గడియారం ముల్లును ఎవరో తోసినట్టు మెల్లగా పక్కకు తిరిగాయి. శబ్దం ఆపగానే వెనక్కి వచ్చాయి.

"ఇంకొకసారి వెట్టండి మేడమ్," అన్నాడు శ్రీనివాస్.

పెట్టాను. మళ్లీ తిరిగాయి.

అద్దాల వెనక చీకట్లోంచి రజిత అడిగింది. "చూసినవా?"

"చూసిన," అన్నాడు. "ఏడాది సంది చెప్తున్నవ్, నాకే సమజ్ కాలే," అని భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆమె అద్దాలు తీయలేదు. వాటి కిందనుంచి నీళ్లు జారాయి.

మా ఈఎన్‌టీ డాక్టరుగారు చెవి ఎముకను అతి సన్నని పొరలుగా తీసే సీటీ స్కాన్ చేయించారు. తెర మీద వేలు పెట్టి చూపించారు. మూడు గొట్టాల్లో పైదాని మీద పైకప్పులా ఉండాల్సిన ఎముక కుడివైపు కొంతమేర లేదు. లోపలి చెవికి సహజంగా రెండు కిటికీలుంటాయి. ఇక్కడ మూడోది తెరుచుకుంది. దాంతో వినికిడికి పోవాల్సిన శబ్దం నిలకడ గొట్టంలోకి తప్పుకుని, ఎదుటి గోడలు ఒరిగినట్టు ఆమెకు చూపిస్తోంది. ఒంట్లో పుట్టిన చప్పుళ్లు, చివరికి కంటి గుడ్డు తిరిగే చప్పుడు కూడా, ఆ సందులోంచి చెవిలోకి వచ్చేస్తున్నాయి.

జాగ్రత్తలతో నెట్టుకురావచ్చు, లేదా ఆపరేషన్ చేసి ఆ గొట్టాన్ని పూడ్చవచ్చు అన్నారు డాక్టరుగారు. ఆ చెవి వినికిడి కొంత, అరుదుగా పూర్తిగా కూడా, పోయే ప్రమాదం ఉందని దాచకుండా చెప్పారు.

శ్రీనివాస్ భయపడ్డాడు. "జర ఆలోచించు రజితా. తొందరేం లేదు."

"ఏడాది నుంచి గొంతు దాచుకుని బతుకుతున్న," అందామె. "పాఠం చెప్పకుంట నేనేం జేస్త? చేపిద్దాం."

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు నేను వెళ్లేసరికి ఆమె మంచాన్ని రెండు చేతులా పట్టుకుని ఉంది. పూడ్చిన గొట్టం పని మానేస్తుంది కనుక మిగతావాటితో సర్దుకోవడం మెదడు కొత్తగా నేర్చుకోవాలి. కొన్నాళ్లు లోకం పడవలా ఊగుతుంది.

"చూపు నా వేలు వెంట పోనివ్వండి. తల కదపకండి, కళ్లే," అన్నాను.

ఆమె భయంభయంగా కళ్లు ఎడమకు తిప్పింది. కుడికి తిప్పింది. ఆగింది. మళ్లీ తిప్పింది. తర్వాత పైకీ కిందికీ, గుండ్రంగా, చిన్నపిల్ల కొత్త బొమ్మతో ఆడుకున్నట్టు తిప్పుతూనే ఉంది.

"ఏం లేదు మేడమ్! ఏం వినవడ్తలేదు!" అని నవ్వింది. నవ్వుకు తల తిరిగి దిండు మీద వాలిపోయి, అలాగే నవ్వుతూ ఉంది. ఏమీ వినబడడం లేదని ఒక పేషెంటు నా ముందు సంబరపడడం అదే మొదలు.

తర్వాతి వారాలు కష్టమైనవి. వేలి మీద చూపు నిలిపి తల ఆడించడం, దూది పరుపు మీద నిలబడడం, మా వరండాలో తల అటూ ఇటూ తిప్పుతూ నడవడం. మొదట్లో గోడ పట్టుకుని, ఏడుపు మింగుతూ చేసింది. శ్రీనివాస్ ఆఫీసు నుంచి నేరుగా వచ్చి పక్కనే నడిచేవాడు, పట్టుకోకుండా, పడితే అందేంత దూరంలో. వినికిడి పరీక్షలో అతి సన్నటి శబ్దాల దగ్గర మాత్రం కాస్త తగ్గింది. "గా దోమల పాట ఇనకపోతే ఏమైతది?" అంది.

తిరిగి క్లాసు ఇవ్వమని సెంటర్‌వాళ్లను తనే అడిగింది. ముందు ఒక డెమో క్లాసు చెప్పమన్నారు. నన్ను పిలిచింది. ఆషాఢ మాసం, ఆదివారం. హాలు నిండిపోయి గోడల వెంట కూడా పిల్లలు నిలబడ్డారు. నేను వెనక నిలబడ్డాను, పక్కన శ్రీనివాస్ చేతులు నలుపుకుంటూ.

పాఠం సగంలో ఉండగా కింద వీధిలోకి బోనాల ఊరేగింపు వచ్చింది. తీన్మార్ డప్పులకు కిటికీ అద్దాలు అదిరాయి. పిల్లలందరూ అటు తిరిగారు. నేను రజిత కాళ్ల వైపే చూస్తున్నాను. అవి కదలలేదు. ఆమె కిటికీ దాకా నడిచి, కిందికి తొంగి చూసి, డప్పు దరువుకు వేళ్లతో రెండుసార్లు అద్దం మీద తాళం వేసి, వెనక్కి తిరిగింది.

"చూసింది చాలు! ఇటు తిరగండి అందరు!"

మైకు లేకుండానే ఆ గొంతు డప్పుల మీదుగా చివరి వరుస దాకా వచ్చింది. పిల్లలు నవ్వుతూ తిరిగారు. శ్రీనివాస్ గట్టిగా చప్పట్లు కొట్టాడు. ముందు వరుసల్లోని పిల్లలు ఎందుకో తెలియకుండానే వాళ్లూ కొట్టారు. ఆ బ్యాచ్‌కు ఆమెనే పెట్టారు.

రిపోర్టులో నార్మల్ అని రాస్తే, మనం వేసిన ప్రశ్నకు ఆ చెవి సరైన జవాబు చెప్పిందని మాత్రమే అర్థం. వేయని ప్రశ్న గురించి ఆ రిపోర్టుకేమీ తెలియదు. రజిత కేసు నాకు నేర్పింది ఇదే. కొత్తగా చేరే ఆడియాలజిస్టులకు యంత్రాల సంగతి తర్వాత చెబుతాను. ముందు పేషెంటు ఎదురుగా కూర్చోబెడతాను. ఎవరైనా నమ్మశక్యం కాని మాట చెప్పి మన ముఖం వైపు చూస్తే, ఆ క్షణంలో మనం అడగాల్సింది ఒకటే ఉంటుంది: ఇంకా ఏమేం వినిపిస్తాయి?